డెల్టా పిల్లలు ప్రపంచ స్కౌట్ జాంబోరీకి వెళ్లాలంటే

రాజోలు వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో స్కౌట్ ట్రూపు నడిపే మాస్టారు అడిగిన ప్రశ్న ఇది. 2027లో పోలెండ్‌లో జరిగే ప్రపంచ జాంబోరీకి, అంటే దేశదేశాల స్కౌట్లు కలిసి గుడారాల్లో ఉండే పెద్ద శిబిరానికి, తమ పిల్లల్ని నలుగురైదుగురిని పంపాలట. ఎవరికి రాయాలి, ఏం నేర్పాలి, ఎక్కడ దెబ్బ తింటాం అని అడిగారు. 2023లో కొరియాలో జరిగింది విని తల్లిదండ్రులు భయపడుతున్నారని, వాళ్లకేం చెప్పాలో కూడా రాయమన్నారు.

మాస్టారూ, ఎవరికి రాయాలన్నది తేలిక ప్రశ్నేనండి. ప్రపంచ జాంబోరీకి పిల్లాడు గానీ బడి గానీ నేరుగా పేరు ఇచ్చుకునే పద్ధతి లేదు. ప్రపంచ స్కౌట్ సంస్థలో సభ్యత్వం ఉన్న జాతీయ సంఘం ద్వారానే వెళ్లాలి. మనకు అది భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్. ఢిల్లీ కార్యాలయం సర్క్యులర్ తీస్తే అది రాష్ట్ర సంఘానికి, అక్కణ్ణుంచి జిల్లా సంఘానికి దిగాలి. ఈ మెట్ల మీద కాగితం ఎక్కడో ఒకచోట నిద్రపోతుంది, గడువుకు రెండు రోజుల ముందు వాట్సాప్‌లో తేలుతుంది. అందుకని సర్క్యులర్ వచ్చేదాకా ఆగకుండా జిల్లా కార్యదర్శికి ఇప్పుడే ఉత్తరం రాయండి, నకలు రాష్ట్ర కార్యాలయానికి పంపండి. అందులో ట్రూపు రిజిస్ట్రేషన్ వివరాలు, పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, ఎవరు ఏ సోపానం (స్కౌట్ శిక్షణలో మెట్టు) దాటారో ఉండాలి. ఆ ఏడాది రిజిస్ట్రేషన్ కట్టని ట్రూపు పేరు ముందుకు కదలదు, ముందు ఆ రసీదు చూసుకోండి. మధ్యలో ఎవరైనా జాంబోరీ ప్యాకేజీ అంటూ వస్తే, సంఘం పేరిట ఉన్న బ్యాంకు ఖాతాకు తప్ప పైసా కట్టొద్దు.

ఇక పిల్లల ఎంపిక. జాంబోరీ 2027 జులై 30 నుంచి ఆగస్టు 8 దాకా, గ్డాన్‌స్క్ నగరం పక్కన సోబియెషెవో దీవిలో. ఆ సమయానికి పిల్లాడి వయసు 14 నుంచి 17 మధ్య ఉండాలి. కాగితం మీద ఇంటర్ పిల్లలూ అర్హులే. కానీ జులై ఆఖరున జూనియర్ కాలేజీ, అందులోనూ హాస్టల్ ఉన్న కార్పొరేట్ కాలేజీ, పిల్లాణ్ణి పదిహేను రోజులు వదలడం కల్ల. కనుక అప్పటికి తొమ్మిదిలోనో పదిలోనో ఉండేవాళ్లని చూడండి. పదో తరగతి అనగానే ఇంట్లో ఒప్పుకోరు గానీ, పబ్లిక్ పరీక్ష మార్చిలో. జులై ఆఖర్లో, ఆగస్టు మొదట్లో పోయిన రెండు వారాల పాఠాలు దసరాకి పూడ్చుకోవచ్చు.

మార్కుల్ని బట్టి ఎంచకండి. జాంబోరీలో ఒక యూనిట్ అంటే 36 మంది పిల్లలు, నలుగురు పెద్దలు. ఆ 36 మందీ తొమ్మిదేసి మంది చొప్పున నాలుగు పెట్రోళ్లు, అంటే చిన్న జట్లు. మీ నలుగురైదుగురు ఒకే పెట్రోలులో పడతారన్న నమ్మకం లేదు. పక్కన అస్సాం పిల్లాడు ఉండొచ్చు, కేరళ పిల్లాడు ఉండొచ్చు. అన్నం మాడితే ఎవరి మీదా అరవకుండా గిన్నె తోమేవాడు కావాలి. ఏకరువు పెట్టినట్టు ఇంగ్లిష్ మాట్లాడి, నీళ్లు మోయాల్సినప్పుడు కనబడకుండా పోయేవాడు మీ దగ్గరే కాదు, ప్రతి ట్రూపులోనూ ఉంటాడు. వాడు వద్దు.

కాగితాల దగ్గరే మన వాళ్లు ఎక్కువగా పడిపోతారు. కారణం మన ఇంటిపేరు. బడి రికార్డులో ‘కె. సాయి వెంకట్’ అనీ, ఆధార్‌లో ఇంటిపేరు చివరా, జనన ధ్రువపత్రంలో అసలు పేరే లేకుండా ‘మగ శిశువు’ అనీ ఉంటుంది. పాస్‌పోర్టులో పొడి అక్షరాలు పనికిరావు, ఇంటిపేరు పూర్తిగా విప్పి రాయాలి. కాబట్టి మొదటి వారంలోనే ప్రతి పిల్లాడి మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూడండి. తండ్రి పేరు, తల్లి పేరు కూడా. తల్లి ఇంటిపేరు పెళ్లికి ముందుది ఒకచోట, తర్వాతది ఒకచోట ఉండటం మామూలే. ముందు జనన ధ్రువపత్రం, తర్వాత ఆధార్, ఆ తర్వాతే పాస్‌పోర్టు దరఖాస్తు. ఈ వరస తిరగేస్తే ఒకటి సరిచేసినప్పుడల్లా ఇంకొకటి తప్పవుతుంది. మైనరు పాస్‌పోర్టుకి తల్లిదండ్రులిద్దరూ సంతకం చేసిన అనెక్సర్ డి అనే సమ్మతి పత్రం కావాలి. తండ్రి గల్ఫ్‌లో ఉన్న ఇళ్లు కోనసీమలో తక్కువేం కాదు కదండీ, ఆ సంతకానికే రెండు నెలలు పట్టొచ్చు, ముందే కదపండి. పిల్లల పాస్‌పోర్టు సాధారణంగా ఐదేళ్లు గానీ 18 నిండేదాకా గానీ, ఏది ముందైతే అంతవరకే చెల్లుతుంది. పాస్‌పోర్టు సేవా కేంద్రం భీమవరంలో ఉంది.

పోలెండ్‌కి షెంగెన్ వీసా. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు, 15 రోజుల్లోపు అయితే తీసుకోరు. జులై అక్కడ విహారాల కాలం, అపాయింట్‌మెంట్లు దొరకవు. ఏప్రిల్ దాటనివ్వకండి. తిరుగు ప్రయాణం తేదీ తర్వాత కనీసం మూడు నెలలు పాస్‌పోర్టు గడువు ఉండాలి, రెండు ఖాళీ పేజీలుండాలి, 30,000 యూరోలకు తగ్గని ప్రయాణ వైద్య బీమా ఉండాలి. 12 ఏళ్లు దాటితే వేలిముద్రలు ఇవ్వాలి, అంటే పిల్లాడు స్వయంగా రావాలి. మీరు ప్రభుత్వ ఉపాధ్యాయులైతే విదేశానికి వెళ్లేందుకు శాఖ అనుమతి వేరే తీసుకోవాలి. పిల్లల కాగితాల హడావిడిలో మాస్టార్లు సొంత ఫైలు మర్చిపోవడం చాలాచోట్ల జరిగేదే.

డబ్బు సంగతి క్లుప్తంగా. జాంబోరీ ఫీజు దేశాల ఆదాయాన్ని బట్టి వర్గాలుగా ఉంటుంది. దానిపైన విమానం, వీసా, బీమా, సామాను. పేరు ఇచ్చే ముందే సంఘాన్ని లిఖితపూర్వకంగా అడగాల్సినవి నాలుగు. వాయిదాల తేదీలేంటి? వీసా రాకపోతే ఎంత తిరిగొస్తుంది? పిల్లాడు మానుకుంటే ఇంకొకణ్ణి పెట్టొచ్చా? జాంబోరీయే రద్దయితే? నాలుగోది ఉత్తిమాట కాదు, 1979లో ఇరాన్‌లో జరగాల్సిన ప్రపంచ జాంబోరీ అక్కడి విప్లవం వల్ల రద్దయింది. చందాలకు పిల్లల్ని డబ్బాలిచ్చి రావులపాలెం సెంటర్లో నిలబెట్టకండి. పూర్వ విద్యార్థులు, కొబ్బరి వర్తకులు, చెరువుల రైతులు ఇస్తారు. హెడ్‌మాస్టరూ, ఒక తండ్రీ కలిసి సంతకం పెట్టే ఖాతా ఉంటే మరీ ఇస్తారు.

ఇప్పుడు అసలు పని. వీసా వచ్చిన పిల్లాడు కూడా పది రోజులు గుడారంలో బతకడం రాకపోతే మూడో రోజు ఏడుస్తాడు.

ఆ చోటు మన పిల్లలకి మరీ కొత్తేం కాదు. సోబియెషెవోకి ఉత్తరాన బాల్టిక్ సముద్రం, మిగతా మూడు వైపులా విస్తులా నది పాయలు. అంటే అదీ ఒక లంకే. 1840లో మంచుగడ్డలు నదికి అడ్డం పడి, వరద ఇసుక దిబ్బల్ని చీల్చుకుని సముద్రంలోకి కొత్త దారి చేసుకుంది. ఆ పాయే దీవికి పడమటి హద్దు. తూర్పున ఉన్నది 1895లో మనుషులు తవ్విన కాలువ. దక్షిణంగా ఉన్న పల్లపు పొలాలు కొన్ని సముద్రమట్టం కంటే కిందే. హాలెండ్ నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు గట్లు కట్టి, గాలిమరలతో నీళ్లు తోడి వాటిని సాగులోకి తెచ్చారు. (ఆ హాలెండ్ నుంచే వచ్చిన వర్తకులు పాలకొల్లులో కోఠీ పెట్టుకున్నారు. పిల్లలకి చెప్పండి, మాట కలపడానికి పనికొస్తుంది.) ఏటిగట్టు తెగడం అంటే ఏమిటో, మురుగు కాలువ పూడితే చేను ఏమవుతుందో తెలిసిన పిల్లాడు అక్కడ చెప్పుకోగలిగింది చాలా ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిందనీ, అంతకుముందు డెల్టా ఎలా ఉండేదో రెండు నిమిషాల్లో ఇంగ్లిష్‌లో చెప్పడం ప్రతి ఒక్కడికీ రావాలి. బట్టీ కాదు, బొమ్మ గీసి చెప్పాలి.

నేల మాత్రం బడి మైదానంలా ఉండదు. అక్కడ తీరం ఇసుక, పైన్ చెట్లు. మన ఒండ్రులో గట్టిగా దిగే మేకు ఇసుకలో మొదటి గాలికే ఊడి వస్తుంది. కాబట్టి శిక్షణ శిబిరం ఒకటి తప్పకుండా అంతర్వేది వైపో ఓడలరేవు వైపో సరుగుడు తోటల పక్కన పెట్టండి. ఇసుకలో మేకు బదులు అరగజం కర్రని నడుమ తాడు కట్టి, తాడు లాగే దిశకి అడ్డంగా, జానెడున్నర నుంచి రెండు జానల లోతున పాతాలి. తాడు పైకి రావడానికి సన్నటి గాడి తీసి, కర్ర మీద ఇసుక పోసి తొక్కాలి. కర్ర లేకపోతే ఇసుక నింపిన సంచి. తాడు నేలతో 45 డిగ్రీలకి దగ్గరగా ఉండాలి, నిట్టనిలువుగా లాగితే ఏదైనా ఊడుతుంది. నూలు తాళ్లయితే వర్షానికి బిగుసుకుని మేకుల్ని పీకేస్తాయి, రాత్రి పడుకునే ముందు కాస్త వదులు చేయాలి. మన కొబ్బరి తాడు అలా కాదు, సాగుతుంది. సాయంత్రం కట్టిన కట్టు పొద్దుటికి కదులుతుంది. కర్రలు కట్టి బల్లలూ అవీ చేసే పనికి 6 మిల్లీమీటర్ల నార తాడు వాడండి. రెండంగుళాల సరుగుడు కర్రలు రెండు అడ్డంగా కట్టడానికి 3 మీటర్లు చాలు. క్లోవ్ హిచ్ అనే ముడితో మొదలు, మూడు చుట్లు, కర్రల నడుమ రెండు బిగింపు చుట్లు, మళ్లీ క్లోవ్ హిచ్. పిల్లలు తప్పు చేసేది బిగింపు చుట్ల దగ్గర. చుట్టేసి వదిలేస్తారు, లాగి బిగించరు. బల్ల మీద గిన్నెలు పెట్టగానే వాలిపోతుంది.

చలి ఇంకో సమస్య. అక్కడ ఎండాకాలమే గానీ పగలు 22 డిగ్రీల చుట్టూ, రాత్రి 13, 14. వానపడితే ఇంకా దిగొచ్చు. మనకది సంక్రాంతి తెల్లవారుజాము కంటే చలి. స్లీపింగ్ బ్యాగ్ కొనేటప్పుడు ‘కంఫర్ట్’ అని రాసిన ఉష్ణోగ్రత చూడండి, 10 డిగ్రీలో అంతకన్నా తక్కువో ఉండాలి. ‘ఎక్స్‌ట్రీమ్’ అని పెద్ద అక్షరాల్లో వేసేది ప్రాణం నిలబడే అంకె, నిద్ర పట్టేది కాదు. పైన ఎంత కప్పుకున్నా ఒంట్లో వేడిని కింద నేల లాగేస్తుంది, కాబట్టి ఒక సెంటీమీటరు మందం ఫోమ్ మ్యాట్ తప్పనిసరి. చాప సరిపోదు. పొద్దు అక్కడ రాత్రి తొమ్మిదింటికి గుంకుతుంది, తెల్లవారుజామున ఐదింటికే వెలుగు. చీకటి పడ్డాక పడుకుందామనుకున్న పిల్లాడు నాలుగు రోజుల్లో నిద్రలేక నీరసపడతాడు. కళ్లకి కట్టుకోవడానికి ఒక గుడ్డ పెట్టించండి.

బ్యాగు 60 లీటర్లది, నిండాక పిల్లాడి బరువులో నాలుగో వంతు మించకూడదు. 45 కిలోల పిల్లాడికి 11 కిలోలు. అమ్మలు సర్దిన బ్యాగు 18 తూగుతుంది, తూచి తీయించండి. బూట్లు ప్రయాణానికి కనీసం ఆరు వారాల ముందు కొని రోజూ వేయించాలి. ఏడాదంతా చెప్పులతో తిరిగే కాళ్లకి కొత్త బూటు రెండో రోజే బొబ్బలు తెస్తుంది, ఆ తర్వాత ఏ కార్యక్రమమూ చూడలేడు. మన మూడు పిన్నుల ప్లగ్గు అక్కడ పట్టదు. సన్నటి రెండు గుండ్రటి పిన్నుల ఫోన్ చార్జర్ సరిపోతుంది. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే పెట్టాలి, లగేజీలో వేస్తే విమానాశ్రయంలో బ్యాగు విప్పిస్తారు.

తిండి. జాంబోరీలో సాధారణంగా యూనిట్‌కి సరుకులిస్తారు, పెట్రోళ్లే వండుకోవాలి. శాకాహారమో, గుడ్డు తింటాడో, హలాలో పేరిచ్చేటప్పుడే రాయాలి. అక్కడికెళ్లి చెబితే రొట్టె, జామే గతి. అన్నం మీద ఆశ పెట్టుకోకుండా పాస్తా వండడం నేర్పండి. మనిషికి 100 గ్రాములు, ప్రతి 100 గ్రాములకి లీటరు నీళ్లు, 10 గ్రాముల ఉప్పు. తొమ్మిది మందికి 9 లీటర్లు ఒకేసారి మరగాలంటే అరగంట పైనే పడుతుంది. మన పిల్లలు నీళ్లు మరగకముందే వేసి జావ చేస్తారు. గిన్నెలు మూడు తొట్లలో కడగాలి. ఒకటి సబ్బు నీళ్లు, ఒకటి మంచినీళ్లు, మూడోది క్రిమినాశని కలిపినది. మూడోది ఎగ్గొడితే రెండు రోజుల్లో పెట్రోలంతా విరేచనాలు. ఆ మాటకొస్తే మరుగుదొడ్లలో నీళ్లుండవు, కాగితమే. దానికి మొహమాటపడి కడుపు బిగబట్టుకుని జబ్బు చేసుకునే పిల్లలుంటారు. అర లీటరు సీసా ఒకటి అందుకోసమే ఉంచుకోమని సిగ్గుపడకుండా చెప్పండి.

ఆవకాయ లగేజీలో పంపొచ్చు, మూత మీద మైనం కాగితం కట్టి, మూడు కవర్లలో. చేతి సంచిలో వద్దు, నూనె ద్రవమే. నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చడి అస్సలు వద్దు. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి వచ్చేవాళ్లు పాల పదార్థాలు, మాంసం తీసుకెళ్లకూడదు, పట్టుకుంటే పారేస్తారు. పచ్చి కరివేపాకూ అంతే. తాజా పళ్లలో చాలావాటికి ధ్రువపత్రం అడుగుతారు గానీ కొబ్బరికాయకి మినహాయింపు ఉంది. కోనసీమకి అంతవరకు అదృష్టమే! ఎండు కొబ్బరి మాత్రం మంట అంటుకునే సరుకు కింద విమానంలో ఇబ్బంది పెడుతుంది.

పిడుదులు. పైన్ తోపుల్లో, గడ్డిలో ఉంటాయి, జబ్బులు మోస్తాయి. పశువులకి పట్టినప్పుడు కిరసనాయిలు పోసే అలవాటు మన వాళ్లది, మనిషికి అది పనికిరాదు. రోజూ సాయంత్రం చంకలు, మోకాళ్ల వెనక, చెవుల వెనక చూసుకోవాలి. కనబడితే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగాలి. నలపకూడదు. ప్రయాణానికి రెండు మూడు నెలల ముందే డాక్టరుతో టీకాల సంగతి మాట్లాడండి.

తల్లిదండ్రుల భయం గురించి. ఏమీ కాదని బుజ్జగించకండి, జరిగింది జరిగినట్టు చెప్పండి. 2023 ఆగస్టు 1న కొరియాలో సేమాంగుమ్ అనే చోట సుమారు 43,000 మందితో మొదలైంది. అది సముద్రాన్ని పూడ్చి చేసిన నేల. చదునుగా, చెట్టు నీడ లేకుండా, వాన నీరు పోయే దారి లేకుండా ఉంది. ఎండ 35 డిగ్రీలు, దానికి తోడు ఉక్క. వందల మంది వడదెబ్బ లక్షణాలతో చికిత్సకి వెళ్లారు, బ్రిటన్, అమెరికా జట్లు మధ్యలోనే వెళ్లిపోయాయి. తర్వాత ఖానున్ తుపాను వస్తోందని 8వ తేదీన అందర్నీ బస్సుల్లో వేరే చోట్లకి తరలించారు, 11న సియోల్‌లో ముగించారు. మురుగు పోని పల్లపు భూమిలో ఊరు కడితే ఏమవుతుందో డెల్టా వాళ్లకి వేరే చెప్పాలా? సోబియెషెవోలో చెట్లున్నాయి, చల్లదనం ఉంది, అక్కడి ముప్పు వేరు, వాన, చలి. మీరు పిల్లలకి నేర్పాల్సింది ఇదీ: అర్ధరాత్రి లేపి కదలమన్నా పది నిమిషాల్లో కదిలేలా పాస్‌పోర్టు, మందులు, ఒక జత బట్టలు, టార్చి ఉన్న చిన్న సంచి తలాపున ఉండాలి. శిబిరంలో చెప్పకుండా రెండుసార్లు ఇది చేయించి గడియారం చూడండి. రోజుకి మూడు లీటర్ల నీళ్లు, ఓఆర్‌ఎస్ కలపాల్సి వస్తే లీటరుకి ఒక ప్యాకెట్టు. చెమట పట్టి కళ్లు తిరిగితే నీడ, నీళ్లు. మాట తడబడి ఒళ్లు కాలిపోతుంటే ఆగకుండా తడిపి విసురుతూ డాక్టరు దగ్గరికి. అత్యవసర నంబరు అక్కడ 112. ఇంటికి ఫోను రోజుకొకటి చాలని తల్లిదండ్రులతో ముందే ఒప్పుకోండి. గంటకోసారి వచ్చే వీడియో కాలే ఇంటి మీద బెంగ పెంచుతుంది. ఇంకొకటి, కాలవల్లో ఈదే మన పిల్లలకి నీళ్లంటే భయం ఉండదు. బాల్టిక్ చల్లటి సముద్రం, జెండా ఎర్రగా ఉంటే దిగకూడదని గట్టిగా చెప్పాలి.

మార్చుకోవడానికి ఏం పంపాలని అందరూ అడుగుతారు. బ్యాడ్జీలు, స్కార్ఫులు జాంబోరీలో నడిచే నాణేలు. స్కార్ఫు మూడైనా ఉండాలి, ఒకటి ఆఖరిదాకా మార్చకూడదు. దానితో పాటు నర్సాపురం లేసు చిన్న చిన్న గుండ్రటివి, అరచేతంతవి, పాతిక పట్టించండి. బరువుండవు, విరగవు. అల్లింది ఎవరో, ఎక్కడో చెప్పుకోవడానికి కథ ఉంటుంది. పూతరేకులు పంపకండి, పొడై చేరుతాయి.

ఎంపిక కాకపోతే పిల్లలకి ఇదంతా వృథా అనుకోవద్దు. మొదటి జాతీయ జాంబోరీ 1953లో హైదరాబాదులోనే జరిగింది, తర్వాతవి రాష్ట్రాలు మారుతూ జరుగుతున్నాయి, వాటికి పాస్‌పోర్టు అక్కర్లేదు. గైడ్స్‌లో ఉన్న ఆడపిల్లలకైతే ప్రపంచ గైడ్ కేంద్రాల్లో ఒకటైన సంగం 1966 నుంచి పుణెలోనే ఉంది. ఇక ఖర్చు లేనిది జోటా-జోటి, ఏటా అక్టోబరు మూడో వారాంతంలో. రేడియో మీదా ఇంటర్నెట్ మీదా ప్రపంచ స్కౌట్లు మాట్లాడుకునే జాంబోరీ అది. ఇంటర్నెట్‌దానికి బడి కంప్యూటరు చాలు, ముందుగా నమోదు, పక్కన మీరు. పిల్లలు ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు ఎవరికీ ఇవ్వకూడదు. రేడియోకి లైసెన్సున్న హామ్ ఆపరేటరు (సరదా కొద్దీ సొంత రేడియో నడిపేవారు) స్టేషనుకి తీసుకెళ్లాలి. స్కౌట్లు వెతుక్కునే ఫ్రీక్వెన్సీలు 14.290, 7.090 మెగాహెర్ట్జ్. యూరప్ పిల్లలు లేచి రేడియో ముందుకి చేరేసరికి మనకి మధ్యాహ్నం దాటుతుంది కాబట్టి రెండు గంటల నుంచి 14 మీద, చీకటి పడ్డాక 7 మీద ప్రయత్నించండి. అక్టోబరు మనకి తుపాన్ల నెల, కరెంటు నమ్మలేం. ఇన్వర్టరు బ్యాటరీ ముందురోజే నింపించండి. పిడుగుల వాన వచ్చేలా ఉంటే, మొదలవకముందే యాంటెనా తీగ రేడియో నుంచి ఊడదీసి గది బయట పడేయండి.